గ్యాస్ మాత్రకీ పాలచుక్కకీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: నా వయసు 31. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. బాబుకి నాలుగేళ్లు, వాడు పాలు మానేసి రెండేళ్లు దాటింది. ఆరేడు నెలలుగా నెలసరి యాభై, అరవై రోజులకోసారి వస్తోంది. స్నానం చేసేటప్పుడు నొక్కి చూస్తే రెండు వైపులా పాలచుక్కలు కనిపిస్తున్నాయి. టెస్టు చేయిస్తే ప్రొలాక్టిన్ 86 అని వచ్చింది. డాక్టరుగారు వారానికి రెండుసార్లు వేసుకోమని క్యాబర్గోలిన్ రాశారు, తలకి ఎమ్మారై తీయించమన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే మెదడులో గడ్డ అని ఉంది. డోపమైన్ తగ్గినా ఇలా అవుతుందని ఉంది. డోపమైన్ అంటే ఆనందం హార్మోన్ కదా, రాత్రిళ్లు ఫోన్ చూసే అలవాటు వల్ల నాకు తగ్గిపోయిందా? డోపమైన్ డిటాక్స్ చేస్తే సరిపోతుందా? భయంతో మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు. రెండో బిడ్డ కోసం కూడా చూస్తున్నాం. నాకు వేరే జబ్బులేమీ లేవు. గ్యాస్‌కి మాత్రం ఏడాదిగా పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకుంటున్నాను, మెడికల్ షాపులో ఇచ్చిందే.
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సమాధానం:

అమ్మా, మీరు ఉత్తరం చివర్లో, పెద్ద విషయమేం కాదన్నట్టు రాసిన ఆ గ్యాస్ మాత్ర దగ్గరే నేను ఆగిపోయాను. ఎమ్మారై, క్యాబర్గోలిన్ సంగతులు తర్వాత చూద్దాం. ముందు ఆ మాత్రల షీటు తీసి వెనక్కి తిప్పండి. పెద్దక్షరాల్లో ఉండే పేరు వదిలేయండి, దాని కింద చిన్నక్షరాల్లో అసలు మందుల పేర్లుంటాయి. పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్ లాంటి పేరు ఒక్కటే ఉంటే అది కడుపులో యాసిడ్ తగ్గించే మందు, మీ సమస్యలో దాని పాత్ర ఉండే అవకాశం చాలా తక్కువ. దాని పక్కన డోంపెరిడోన్ అనో లెవోసల్పిరైడ్ అనో ఇంకో పేరు ఉంటే మాత్రం మీ 86కి కారణం చాలావరకు దొరికినట్టే. మాత్ర పేరుకి 'డి', 'ఎల్', 'ఎల్ఎస్' లాంటి తోక ఉంటే చాలాసార్లు అది ఈ రెండో మందుకి గుర్తే. 'గ్యాస్‌కి ఏదైనా ఇవ్వండి' అని అడిగితే మన షాపుల్లో తరచూ చేతిలో పెట్టేది ఈ జంట మందులనే.

కడుపు కోసం మింగిన మందు రొమ్ములో పాలెలా తెప్పిస్తుంది? మీరడిగిన డోపమైన్ ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

పిట్యూటరీ, మన పుస్తకాల్లో పీయూష గ్రంథి అంటారే, అది మెదడు అడుగున ఎముకలోని చిన్న గుంటలో ఉంటుంది. శనగగింజంత, బరువు అర గ్రాము. దాని పైన హైపోథలామస్ అనే మెదడు భాగం. రెంటినీ కలుపుతూ ఓ సన్నటి కాడ, ఆ కాడలో చిన్న చిన్న రక్తనాళాలు. హైపోథలామస్ తన కబుర్లన్నీ ఆ నాళాల్లోని రక్తంలోకి వదులుతుంది. థైరాయిడ్‌ని నడిపే హార్మోన్, అడ్రినల్‌ని నడిపే హార్మోన్, ఎదుగుదల హార్మోన్, అండాశయాన్ని నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఇవన్నీ పిట్యూటరీ నుంచి బయటికి రావాలంటే పైనుంచి 'వదులు' అని కబురు రావాలి. రొమ్ములో పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ దగ్గర మాత్రం వ్యవహారం తిరగబడింది. దాన్ని తయారుచేసే కణాలకి ఎవరూ చెప్పక్కర్లేదు, వాటి మానాన వదిలేస్తే తయారుచేసి రక్తంలోకి పంపుతూనే ఉంటాయి. వాటికి పైనుంచి రాత్రింబవళ్లు అందేది 'ఆగు' అన్న కబురు. ఆ కబురు మోసుకొచ్చేదే డోపమైన్. ప్రొలాక్టిన్‌కి అది పగ్గం.

ఈ సంగతి బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. 1954లో జాన్ ఎవరెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుక పిట్యూటరీని దాని చోటి నుంచి తీసి, అదే ఎలుక మూత్రపిండం మీది పొర కింద పెట్టాడు. మెదడుతో సంబంధం తెగిపోయిన ఆ గ్రంథి మిగతా హార్మోన్లను దాదాపు మానేసింది, ప్రొలాక్టిన్‌ని మాత్రం నెలల తరబడి వదులుతూనే ఉంది. అంటే ఇన్నాళ్లూ మెదడు దాన్ని నడిపిస్తోంది కాదు, ఆపి ఉంచుతోంది. ఆపుతున్నది డోపమైనే అని తేలడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. మనుషుల్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ విడిగా ఉందని గట్టిగా రుజువైంది కూడా 1970ల మొదట్లోనే.

ఇక మీ ఫోన్ సంగతి. మెదడులో డోపమైన్ ఒకే చోట నిల్వ ఉండి అన్ని పనులకీ అక్కడి నుంచే ఖర్చయ్యేది కాదు. కదలికలను చూసే దారి వేరు, అది దెబ్బతింటే పార్కిన్సన్స్ జబ్బు. కోరిక, అలవాటు, 'ఇంకో వీడియో చూద్దాం' అనిపించే దారి వేరు. పిట్యూటరీకి వెళ్లేది మూడో దారి: హైపోథలామస్ అడుగున మొదలై కాడ దగ్గరే ముగిసే పొట్టి నరాలు. అవి డోపమైన్‌ని రక్తంలోకే వదులుతాయి. ఆనందంతో వాటికి నేరుగా పని లేదు. రక్తంలో ప్రొలాక్టిన్ ఎంతుందో చూసుకుని, అది పెరిగితే తామూ ఎక్కువ డోపమైన్ వదలడం వాటి పద్ధతి. కాబట్టి ఫోన్ చూస్తే మీకు డోపమైన్ అయిపోలేదు, ఫోన్ మానేస్తే ప్రొలాక్టిన్ దిగదు. డోపమైన్ డిటాక్స్ అనేది సోషల్ మీడియా పుట్టించిన మాట, ఏ హార్మోన్ టెస్టునీ అది మార్చదు. ఫోన్ తగ్గిస్తే నిద్ర బాగుపడుతుంది, తగ్గించండి, అది వేరే లెక్క.

మీ విషయంలో డోపమైన్ తగ్గి ఉండకపోవచ్చు. ఉన్న డోపమైన్‌ని పని చేయనివ్వకుండా అడ్డు పడుతున్నదేదో ఉండొచ్చు. ప్రొలాక్టిన్ కణం పైన డోపమైన్ వచ్చి అతుక్కునే చోట్లున్నాయి, వాటిని డీ2 రిసెప్టర్లంటారు. డోపమైన్ అక్కడ అతుక్కుంటే కణంలోకి కాల్షియం వెళ్లడం తగ్గుతుంది, ప్రొలాక్టిన్ విడుదల ఆగుతుంది. కొన్నాళ్లు అలాగే ఉంటే ప్రొలాక్టిన్ తయారీ తగ్గుతుంది, కణం కూడా చిన్నదవుతుంది. ఇవే రిసెప్టర్లు కడుపు గోడల్లోనూ ఉన్నాయి. అక్కడ డోపమైన్ పని జీర్ణాశయం కదలికను నెమ్మదింపజేయడం. డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ ఆ చోట్లను ముందే ఆక్రమించి డోపమైన్‌ని అతుక్కోనివ్వవు. అందుకే తిన్నది తొందరగా కిందికి దిగుతుంది, ఉబ్బరం తగ్గినట్టుంటుంది. మందుకి కడుపేదో పిట్యూటరీ ఏదో తెలియదు కదా. అక్కడా అదే పని చేస్తుంది, పగ్గం వదులవుతుంది.

డోంపెరిడోన్‌కి మంచి పేరుంది, రక్తం నుంచి మెదడులోకి పెద్దగా వెళ్లదని. నిజమే, మెదడుకి కాపలాగా ఉండే రక్తనాళాల పొరను అది సులువుగా దాటలేదు. కానీ పిట్యూటరీ ఆ కాపలాకి బయట ఉంది. అందుకే మత్తు, వణుకు లాంటివి తేకుండానే ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఎంత నమ్మకంగా పెంచుతుందంటే, కొందరు డాక్టర్లు బాలింతలకు పాలు చాలనప్పుడు ఇదే మందు ఇస్తారు. గుండె లయ మీద దీని ప్రభావం గురించి అనుమానాలుండటంతో అమెరికా ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ 2004లోనే ఆ వాడకం వద్దని హెచ్చరించింది. ఒక తల్లికి పాలకోసమని ఇచ్చే మందు మీకు గ్యాస్ పేరుతో ఏడాది పాటు రోజూ వెళ్లి ఉంటే, పాలు రావడంలో వింతేముంది?

ఇక్కడ ఈస్ట్రోజన్‌ని కూడా తీసుకురావాలి, ఎందుకంటే అదే మాత్ర మీవారు వేసుకుంటే ఇంత పెరగకపోవచ్చు. ఈ మందులు ఆడవాళ్లలోనే ప్రొలాక్టిన్‌ని ఎక్కువ పెంచుతాయి. ఈస్ట్రోజన్ ప్రొలాక్టిన్ కణాలను పెంచుతుంది, వాటిలో ప్రొలాక్టిన్ జన్యువుని చురుకు చేస్తుంది, డోపమైన్ మాట కాస్త తక్కువగా వినేలా కూడా చేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ వరదలా ఉంటుంది కాబట్టి పిట్యూటరీ కూడా నిజంగానే ఉబ్బుతుంది, నెలలు నిండేనాటికి ప్రొలాక్టిన్ 200 దాటడం మామూలే. అంత ప్రొలాక్టిన్ ఉన్నా కాన్పు కాకముందు పాలు ధారగా రావు. రొమ్ము దగ్గర ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ రెండూ కలిసి అడ్డు పడతాయి. మాయ బయటపడి ఆ రెండూ ఒక్కసారిగా పడిపోయాకే పాలు పడతాయి. పైన ప్రొలాక్టిన్‌ని పెంచేదీ కింద దాని పని ఆపేదీ ఒకే హార్మోన్ అన్నమాట. అలా ఉబ్బిన పిట్యూటరీకి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోతే గ్రంథి దెబ్బతిని, పాలే పడకపోవడం, ఆ తర్వాత నెలసరి రాకపోవడం, నీరసం కనిపిస్తాయి. మీకు సంబంధం లేదు గాని, ఇది చదివే వాళ్లలో అలాంటి కథ ఎవరికైనా ఉంటే వాళ్లు హార్మోన్ల డాక్టరుని కలవాలి.

మీ నెలసరి ఎందుకు దూరమైందో చూద్దాం. బిడ్డకు పాలిస్తున్నన్నాళ్లూ చాలామందికి నెలసరి ఆగుతుంది కదా, మీ శరీరం ఇప్పుడు కొంత ఆ లెక్కలోనే ఉంది. ప్రొలాక్టిన్ పెరిగితే హైపోథలామస్‌లో కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని వదిలే కణాలు మందగిస్తాయి. దాంతో పిట్యూటరీకి గంట, గంటన్నరకోసారి అందాల్సిన జీఎన్‌ఆర్‌హెచ్ అనే కబురు అడపాదడపా మాత్రమే అందుతుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి, అండం సరిగ్గా పెరగదు.

అసలు నెలలో చాలా రోజులు ఈస్ట్రోజన్ కూడా పిట్యూటరీని అణిచే ఉంచుతుంది: అండాశయం ఈస్ట్రోజన్ పంపితే, పైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి. అండం పక్వానికి వచ్చే రోజుల్లో మాత్రం ఈస్ట్రోజన్ మిల్లీలీటరుకి సుమారు 200 పికోగ్రాములు దాటి రెండు రోజుల పాటు అలాగే నిలబడితే, అప్పటిదాకా అణిచిన హార్మోనే ఎల్‌హెచ్‌ని ఒక్కసారిగా ఎగదోస్తుంది. ఆ ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజుకి అండం విడుదలవుతుంది. ఒకే హార్మోన్ ఒకే గ్రంథి మీద రెండు రకాలుగా పనిచేయడానికి తేడా అంతా ఎంతుంది, ఎన్నాళ్లుంది అన్నదే. ప్రొలాక్టిన్ ఎక్కువున్న వాళ్లలో ఈస్ట్రోజన్ ఆ మెట్టు దాకా ఎక్కదు. ఉప్పెన రాదు, అండం రాదు, నెలసరి తన తేదీకి రాదు. రెండో బిడ్డ కోసం మీరు ఎదురుచూస్తున్నా గర్భం నిలవకపోవడానికి ఇది ఒక్కటీ చాలు.

ఇలాగే వదిలేయడానికి మాత్రం లేదు. ఈస్ట్రోజన్ ఏళ్ల తరబడి తక్కువగా ఉంటే ఎముకలు బలహీనపడతాయి. మగవాళ్లలో కూడా ఇదే గొలుసు: ప్రొలాక్టిన్ పెరిగితే ఎల్‌హెచ్ తగ్గి, టెస్టోస్టెరోన్ తగ్గి, కోరిక, పటుత్వం తగ్గుతాయి. వాళ్లకు నెలసరి లాంటి గుర్తు లేక ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు, పిట్యూటరీలో గడ్డ ఉంటే అది బాగా పెరిగాకే బయటపడుతుంది.

ఇప్పుడు మీ 86. గర్భం లేని ఆడవాళ్లలో మామూలుగా మిల్లీలీటరుకి 25 నానోగ్రాముల లోపు ఉండాలి. కొన్ని ల్యాబులు వేరే కొలతలో ఇస్తాయి, అందులో ఇదే అంకె 1800 పైచిలుకు కనిపిస్తుంది, చూసి హడలిపోకండి. మందుల వల్ల పెరిగితే తరచూ 25 నుంచి 100 మధ్య ఉంటుంది. 200, 250 దాటితే ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ ఉందన్న అనుమానం బలపడుతుంది, అయితే మానసిక సమస్యలకిచ్చే రిస్పెరిడోన్, పైన చెప్పిన మెటోక్లోప్రమైడ్ లాంటివి ఒక్కోసారి గడ్డ లేకుండానే 200 దాటిస్తాయి. మీ అంకె మందుకి సరిపోతుంది, చిన్న గడ్డకీ సరిపోతుంది. అంకెను బట్టి తేల్చడానికి లేదు, మందు ఆపి చూడాలి.

ఆపడమంటే, మీరు డాక్టరు రాయకుండా షాపులో తెచ్చుకున్నదే కాబట్టి ఈ జంట మాత్రను ఇవాళే మానేయొచ్చు. కనీసం మూడు రోజులు, వీలైతే ఒకట్రెండు వారాలు ఆగి ప్రొలాక్టిన్ మళ్లీ చేయించండి. ఏడాదిగా వాడుతున్న యాసిడ్ మాత్ర ఒక్కసారిగా మానితే కొన్నాళ్లు మంట ఎక్కువనిపించొచ్చు. అలాగైతే యాసిడ్ మందు ఒక్కటే ఉన్న మాత్ర రాయించుకుని మెల్లగా తగ్గించుకోండి. ఏడాది పాటు గ్యాస్ మాత్ర లేకుండా గడవలేదంటే ఆ కడుపుని కూడా ఒకసారి చూపించుకోవాల్సిందే. నిద్ర లేచిన వెంటనే రక్తం ఇవ్వొద్దు, నిద్రలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది. లేచి ఒకట్రెండు గంటలయ్యాక, కాసేపు కుదురుగా కూర్చుని ఇవ్వండి. పరుగులాంటి నడక, కంగారు కూడా కొంత పెంచుతాయి. ఇంకో మాట, పాలు వస్తున్నాయా లేదా అని రోజూ నొక్కి చూడటం మానండి. బిడ్డ చప్పరించినా మీరు నొక్కినా మెదడుకి వెళ్లే కబురు ఒకటే, ప్రొలాక్టిన్ ఇంకా పెరుగుతుంది. పాలు కాకుండా రక్తం రంగులో, అదీ ఒక్క వైపు నుంచే వస్తే అది వేరే సమస్య, రొమ్ము పరీక్ష వెంటనే చేయించాలి.

అదే రోజు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ అనే పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ తగ్గితే హైపోథలామస్ దాన్ని లేపడానికి టీఆర్‌హెచ్ అనే కబురుని ఎక్కువ వదులుతుంది, అది ప్రొలాక్టిన్‌ని కూడా లేపుతుంది. అలాంటి వాళ్లకు థైరాయిడ్ మాత్ర ఒక్కటే చాలు. గర్భం ఉందేమో పరీక్ష తప్పనిసరి, నెలసరి ఆలస్యమైన ప్రతిసారీ. క్రియాటినిన్ కూడా చూస్తారు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నా ప్రొలాక్టిన్ నిలవ ఉంటుంది. లక్షణాలేవీ లేకుండా ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చిన వాళ్లలో అది యాంటీబాడీకి అతుక్కుని పనిచేయని రూపంలో ఉండొచ్చు, దానికి వేరే పరీక్ష ఉంది. మీకు లక్షణాలున్నాయి కాబట్టి ఆ అవసరం పడకపోవచ్చు.

మీ డాక్టరుగారి ఎమ్మారై సలహా తప్పని నేననను. గ్యాస్ మాత్ర సంగతి ఆవిడకి మీరు చెప్పి ఉండకపోవచ్చు, మన వాళ్లు గ్యాస్ మాత్రను మందుల్లో కలపరు. ఇప్పుడు ఫోన్ చేసి చెప్పండి, మాత్రల షీటు ఫొటో తీసి పంపండి. మందు ఆపాక అంకె మామూలుకి వస్తే ఎమ్మారై, క్యాబర్గోలిన్ రెండూ అక్కర్లేకపోవచ్చు. ఏ మందూ వాడకపోయినా పెరిగే ఉంటే ఎమ్మారై తప్పదు. ముందే తీయించేస్తే ఏమవుతుందంటారా, ఏ బాధా లేని వాళ్లలో కూడా సుమారు 10 శాతం మందికి పిట్యూటరీలో చిన్న మచ్చలాంటిది కనిపిస్తుంది. అప్పుడు అది కారణమా, మాత్ర కారణమా తేలక అనవసరంగా దిగులు పడతారు. అయితే తగ్గని తలనొప్పి ఉన్నా, చూపు రెండు పక్కలా తగ్గుతున్నట్టున్నా, నడుస్తూ పక్కనున్న తలుపుకి, మనిషికి తగులుతున్నా ఆగకండి, ఎమ్మారై ముందు. పిట్యూటరీకి సరిగ్గా పైనే చూపు నరాలు కలుసుకుంటాయి, పెద్ద గడ్డ వాటినే నొక్కుతుంది.

క్యాబర్గోలిన్ అంటే భయం అక్కర్లేదు. డోపమైన్ అతుక్కునే చోటే అది అతుక్కుని డోపమైన్ చేసే పనే చేస్తుంది. ప్రొలాక్టిన్ గడ్డ నిజంగా ఉన్నా, ఎక్కువమందికి ఈ మాత్రలతోనే ప్రొలాక్టిన్ దిగి గడ్డ కుంచించుకుపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్లే వాళ్లు తక్కువ. మెదడులో గడ్డ అన్న మాట విని మీరు ఊహించుకున్నది క్యాన్సర్ అయితే, ఇది దాదాపు ఎప్పుడూ అది కాదు. మొదట్లో వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటాయి, రాత్రి ఏదైనా తిని పడుకోబోయే ముందు వేసుకుంటే తక్కువగా ఉంటాయి. చాలా అరుదుగా కొందరికి షాపింగ్, జూదం లాంటి వాటిమీద అదుపు తప్పుతుంది. పైన చెప్పిన కోరిక, అలవాటు దారిని కూడా అది తాకుతుంది కాబట్టి ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి ఉంచడం మంచిది. చేయకూడనిదల్లా ఒకటే: పొద్దున డోంపెరిడోన్, రాత్రి క్యాబర్గోలిన్. ఒకటి అడ్డుకుంటుంటే ఇంకోటి లాగుతుంది. మందు వాడుతున్నానని మీరూ, పనిచేయట్లేదని డాక్టరూ అనుకుంటారు.

మానసిక సమస్యలకు రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ లాంటివి వాడుతూ ఇదే ఇబ్బంది పడుతున్న వాళ్లు ఇది చదివి మందు ఆపేయకూడదు. వాళ్ల సైకియాట్రిస్టే మందు మార్చాలి, ప్రొలాక్టిన్‌ని పెంచని అరిపిప్రజోల్ లాంటివి ఉన్నాయి.

రెండో బిడ్డ గురించి. మందు ఆపడంతోనో క్యాబర్గోలిన్‌తోనో ప్రొలాక్టిన్ దిగితే నెలసరి కొన్ని వారాల్లో గాడిన పడుతుంది. ఆ మొదటి నెలసరికి రెండు వారాల ముందే అండం విడుదలవుతుంది కాబట్టి, నెలసరి రాకుండానే గర్భం నిలిచే అవకాశం ఉంది. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. క్యాబర్గోలిన్ వాడుతుండగా గర్భం అని తెలిస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి, గడ్డ లేకపోయినా చిన్నదైనా సాధారణంగా మాత్ర ఆపేస్తారు. తొమ్మిది నెలలూ ప్రొలాక్టిన్ ఎలాగూ పెరిగే ఉంటుంది కాబట్టి అప్పుడు ఆ టెస్టు చేయించి అంకె చూసి బెంగపడాల్సిన పని లేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్యాస్ మామూలు కంటే ఎక్కువగానే ఉంటుంది. అప్పుడు షాపుకి మాత్రం వెళ్లకండి, డాక్టరునే అడగండి.